డచ్చివారు తిరిగి రాకముందే

1942 మార్చి 1న, డచ్చివారి ఏలుబడిలోని ఇండోనేషియాలో, జావా తీరాన దిగిన జపాన్ సేనకు అదే నెల 8న కలిజాతిలో డచ్చి సైన్యం లొంగిపోయింది. తరతరాలుగా దొరతనం చేసినవారు వారం రోజుల్లో ఓడారు. జనం కళ్లెదుటే ఖైదీల శిబిరాలకు నడిచారు. ఆ దృశ్యం చూసినవాళ్లకు డచ్చి దొరంటే మునుపటి భయం మళ్లీ కలగలేదు.

జపాన్‌ను విమోచకుడిగా చెప్పడం మాత్రం అన్యాయం. రోముషాల పేరిట లక్షల మందిని వెట్టికి తోలుకుపోయింది. బియ్యం లాగేసుకుంటే జావా పల్లెలు ఆకలితో మాడాయి. కానీ తన యుద్ధ అవసరం కొద్దీ అదే జపాన్ డచ్చి భాషను నిషేధించి, బడుల్లో, కచేరీల్లో ఇండోనేషియా భాషకు చోటిచ్చింది. 1943లో ‘పెటా’ అనే స్థానిక దళాన్ని పెట్టి యువకులకు తుపాకీ పట్టడం నేర్పింది. తర్వాత స్వతంత్ర సేనకు అధిపతి అయిన సుదిర్మన్ అందులో తయారైనవారే.

1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. డచ్చివారు ఇంకా తిరిగి రాలేదు. స్వాతంత్ర్య ప్రకటనకు ఆలస్యం వద్దని కుర్రకారు జాతీయ నాయకులు సుకర్ణో, హత్తాలను రెంగస్‌డెంగ్‌క్లోక్ అనే ఊరికి ఎత్తుకుపోయి మరీ పట్టుబట్టారు. 17వ తేదీ ఉదయం సుకర్ణో తన ఇంటి ముందు రెండే రెండు వాక్యాల స్వాతంత్ర్య ప్రకటన చదివారు. మిత్రరాజ్యాల తరఫున బ్రిటిష్ సేనలు జకార్తాలో దిగేసరికి సుమారు ఆరు వారాలు గడిచాయి. ఈలోగా రాజ్యాంగం వచ్చింది, అధ్యక్షుడు వచ్చాడు, జపాన్ ఆయుధాలు చాలాచోట్ల జనం చేతికొచ్చాయి. యుద్ధం స్వాతంత్ర్యం ఇవ్వలేదు, ఆరు వారాల ఎడం ఇచ్చింది. దాన్ని వాడుకున్న ఘనత ఇండోనేషియన్లదే.

మనవాళ్లు బాధగా గుర్తుంచుకోవాల్సిన ఊరు సురబయా. అక్టోబరు 25న అక్కడ దిగింది ఆ బ్రిటిష్ సేనల్లో భాగమైన 49వ భారత పదాతి బ్రిగేడ్. 30న దాని అధిపతి మలాబీ హతుడయ్యాడు. నవంబరు 10న పెద్ద దాడి మొదలైంది. నౌకల ఫిరంగులు, విమానాలు, ముందు వరసలో మన సిపాయిలు. ఊరు లొంగడానికి మూడు వారాలు పట్టింది. సరిగ్గా ఆ నెల 5నే ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై విచారణ మొదలైంది. ఒకచోట స్వాతంత్ర్యం కోరిన సైనికుడికి బోను, ఇంకోచోట అతని సోదర సైనికుడితో పరాయివాడి స్వాతంత్ర్యంపై కాల్పులు! భారత సేనలను ఇందుకు వాడొద్దని నెహ్రూ గట్టిగా నిరసించారు. కొందరు సిపాయిలు ఇండోనేషియన్ల పక్షానికి వెళ్లిపోయారు. వాళ్లను ద్రోహులనడానికి నాకు మనసొప్పదు.

1947లో, 1948లో డచ్చివారు మళ్లీ దండెత్తారు. కానీ రెండో ప్రపంచ యుద్ధం వారిని అమెరికా సాయంపై బతికే స్థితికి తెచ్చింది. ఆ సాయం ఆగిపోతుందన్న బెదిరింపే చివరికి వారిని దించింది. 1949 డిసెంబరు 27న అధికారం అప్పగించారు. కొత్త దేశం నెత్తిన సుమారు 430 కోట్ల గిల్డర్ల అప్పు కూడా పెట్టారు. తనపై జరిగిన దాడుల ఖర్చూ అందులో ఉంది. మిగిలిన బాకీ చెల్లించేది లేదని 1956లో ఇండోనేషియా తేల్చేసింది. న్యాయమైన పనే చేసింది.