స్టీమ్ ట్రాప్: సూరత్ అద్దకం మిల్లుల్లో ఆవిరికి కాపలాదారు

మన ఊళ్ల బట్టల దుకాణాల్లో 'సూరత్ చీరలు' అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం పాలియెస్టర్‌వే. ఈ పోగుకు రంగు పట్టించడం అంత సులువు కాదు. నూలు బట్టలాగా రంగునీళ్లలో ముంచి తీస్తే రంగు పైపైనే ఉండిపోతుంది. పోగులోని అణువుల అల్లిక కాస్త వదులై, రంగు కణాలు లోపలికి చొరబడాలంటే నీటిని దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. మామూలుగా నీరు 100 డిగ్రీలకే మరిగిపోతుంది కదా! అందుకే బిగించిన పాత్రలో, పీడనం కింద ఈ పని చేస్తారు. మన ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న లాంటి ఈ యంత్రాన్ని జెట్ డైయింగ్ మెషీన్ అంటారు.

దానికి కావలసిన వేడి బాయిలర్ నుంచి ఆవిరి రూపంలో గొట్టాల ద్వారా వస్తుంది. సూరత్ చుట్టుపక్కల పాండేసరా, సచిన్, పల్సానా, కడోదరా ప్రాంతాల్లో ఇలాంటి అద్దకం, ప్రింటింగ్ మిల్లులు వందల సంఖ్యలో ఉన్నాయి. చాలా వాటి బాయిలర్లు బొగ్గుతోనో లిగ్నైట్‌తోనో రాత్రింబవళ్లు నడుస్తాయి. ఈ నగరం తెలుగువారికి కొత్తదేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి వలస వెళ్లిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. బాయిలర్‌లో అనవసరంగా కాలే ప్రతి బస్తా బొగ్గు పొగా ఆ పేటల గాలిలోనే కలుస్తుంది.

ఆ అనవసరపు మంటకు కారణాల్లో ఒకటి చేతిలో పట్టేంత చిన్న పరికరం. పేరు స్టీమ్ ట్రాప్. మిల్లులో అందరూ 'ట్రాప్' అనే అంటారు.

వేడి ఎక్కడ దాగి ఉంటుంది?

నీరు ఆవిరిగా మారేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే బోలెడంత వేడిని మింగేస్తుంది. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ దీన్ని గుర్తించారు. దీనినే గుప్తోష్ణం అంటాం. సాధారణ వాతావరణ పీడనం కంటే 7 బార్లు ఎక్కువ పీడనంలో ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 170 డిగ్రీలు. అలాంటి కిలో ఆవిరిలో మొత్తం 2,770 కిలోజౌళ్ల వేడి ఉంటే, అందులో దాదాపు 2,050 కిలోజౌళ్లు గుప్తోష్ణమే. ఆవిరి చల్లని లోహపు గొట్టాన్ని తాకి తిరిగి నీరు కాగానే ఈ వేడి అంతా ఒక్కసారిగా బయటపడి, అవతల ఉన్న రంగునీటికి చేరుతుంది.

అలా తయారైన నీటిని కండెన్సేట్ అంటారు. తన పని అయిపోయిన ఆ నీరు అక్కడే నిలిచిపోతే చిక్కు. లోహపు గోడకూ కొత్తగా వచ్చే ఆవిరికీ మధ్య అది అడ్డుతెర అవుతుంది. ఉష్ణవాహకత లెక్కల్లో చూస్తే ఒక మిల్లీమీటరు నిశ్చలమైన నీటి పొర, 7 సెంటీమీటర్ల మందపు ఉక్కు పలకతో సమానంగా వేడిని అడ్డుకుంటుంది. గాలి ఇంకా ఘోరం. ఒక మిల్లీమీటరు గాలి పొర, మీటరుకు పైగా మందమున్న ఉక్కుతో సమానం! పొద్దున యంత్రం మొదలుపెట్టినప్పుడు గొట్టాల నిండా ఉండేది గాలే అని మరచిపోకూడదు.

కాబట్టి నీటిని, గాలిని వెంటనే బయటకు పంపాలి. కానీ ఆవిరిని మాత్రం వదలకూడదు. మనిషిని కూర్చోబెట్టి కుళాయి తిప్పించలేం కనుక, ఈ తేడాను తనంతట తానే కనిపెట్టే కవాటం కావాలి. అదే ట్రాప్.

తేడా ఎలా తెలుస్తుంది?

నీటికీ ఆవిరికీ మూడు విషయాల్లో తేడా ఉంది: బరువు, ఉష్ణోగ్రత, ప్రవాహ వేగం. ఒక్కో రకం ట్రాప్ ఒక్కో తేడాను పట్టుకుంటుంది.

ఫ్లోట్ ట్రాప్ మన ఇంటిపై ట్యాంకులోని తేలే బంతి లాంటిదే, పని మాత్రం తలకిందులు. నీరు చేరితే లోపలి బోలు గుండు పైకి లేచి రంధ్రం తెరుచుకుంటుంది, నీరు తగ్గితే మూసుకుంటుంది. ఎంత నీరు వస్తే అంత వెంటవెంటనే పోతుంది కాబట్టి జెట్ మెషీన్ల వంటి వాటికి ఇదే నప్పుతుంది. గాలి పోవడానికి దాని తల భాగంలో వేరే చిన్న కవాటం ఉంటుంది. థర్మోస్టాటిక్ రకం, నీరు ఆవిరి కంటే కొంత చల్లబడేదాకా ఆగి అప్పుడు తెరుచుకుంటుంది. ఆ కాసేపు నీరు వెనక నిలుస్తుంది కాబట్టి తొందర లేని చోట్లకే అది పనికొస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించే థర్మోడైనమిక్ ట్రాప్. లోపల కదిలే భాగం ఒక్కటే, నాణెం లాంటి ఉక్కు బిళ్ల. నీరు వస్తే బిళ్లను ఎత్తి దారి చేసుకుని పోతుంది. వెనకే మరిగే నీరు, ఆవిరి వచ్చేసరికి బిళ్ల కింద ప్రవాహ వేగం విపరీతంగా పెరుగుతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందన్న బెర్నౌలీ సూత్రం ప్రకారం బిళ్ల కిందికి లాక్కోబడుతుంది. పైన చిక్కుకున్న ఆవిరి దాన్ని అదిమిపెట్టి 'టక్' మని మూసేస్తుంది. ఆ ఆవిరి చల్లబడగానే మళ్లీ తెరుచుకుంటుంది. ఆవిరి ప్రధాన గొట్టాల మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

అమర్చడంలోనే సగం పని

మంచి ట్రాప్ కొని తప్పుచోట పెడితే ప్రయోజనం ఉండదు. ప్రధాన గొట్టంలో ఆవిరి సెకనుకు 25-30 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. గొట్టం అడుగున పారే నీరు, పైన వేలెడంత రంధ్రం ఉంటే అందులోకి పడదు. మీదుగా దాటిపోతుంది. అందుకే గొట్టం అడుగున దాదాపు అంతే వెడల్పున్న గుంత లాంటి పాకెట్ పెట్టి, దాని పక్క నుంచి ట్రాప్‌కు దారి తీస్తారు. ప్రతి 30-50 మీటర్లకు ఒకటి, గొట్టం పైకి మలుపు తిరిగే ప్రతిచోటా ఒకటి ఉండాలి. గొట్టం కూడా ఆవిరి పోయే దిక్కుకు కొంచెం వాలుగా ఉండాలి.

ఈ నీరు పోయే దారి లేక గొట్టంలో పేరుకుంటే, ఆవిరి దాన్ని ఒక ముద్దగా నెట్టుకుపోయి మలుపు దగ్గరో కవాటం దగ్గరో బలంగా కొడుతుంది. సుత్తితో బాదినట్టు మోత వస్తుంది. దీనిని వాటర్ హామర్ అంటారు. మోతతో పోతే సరే, కవాటాలు పగిలి మనుషుల మీద మరిగే నీరు చిమ్మే ప్రమాదమూ ఉంది.

ట్రాప్‌కు ముందు జల్లెడ లాంటి స్ట్రైనర్ ఉండాలి. గొట్టాల్లోంచి వచ్చే తుప్పు పెళ్లలు ట్రాప్ రంధ్రంలో ఇరుక్కుంటే అది ఇక మూసుకోదు. నీరు వెనక్కి రాకుండా ట్రాప్ తర్వాత నాన్ రిటర్న్ వాల్వ్ కావాలి. విప్పి బాగుచేయడానికి ఇరువైపులా మూసే కవాటాలు ఉండాలి. ఇంకొక నియమం తరచూ ఉల్లంఘిస్తారు: ఒక యంత్రానికి ఒక ట్రాప్. ఖర్చు తగ్గుతుందని నాలుగు యంత్రాల నీటిని ఒకే ట్రాప్‌కు కలిపితే, పీడనం ఎక్కువున్న యంత్రం నీరు మిగతావాటి దారిని ఆపేస్తుంది. ఒక జెట్‌లో రంగు సకాలంలో ఎక్కుతుంటే పక్క జెట్ వేడెక్కక మూలుగుతుంటుంది.

ఈ మూలుగుడుకు మరో కారణం ఉంది. అది అర్థం కాక బాగున్న ట్రాప్‌లనే మార్చేస్తుంటారు. రంగునీరు కావలసిన వేడికి చేరువవగానే నియంత్రణ కవాటం ఆవిరిని తగ్గిస్తుంది. దాంతో వేడిచేసే గొట్టాల లోపల పీడనం పడిపోతుంది. ట్రాప్ నుంచి నీరు పోయే గొట్టం పైకప్పు ఎత్తులో ఉంటే దాన్ని అంత ఎత్తుకు నెట్టేది ఈ పీడనమే. 5 మీటర్ల ఎత్తుకు సుమారు అర బార్ కావాలి. అది లేనప్పుడు ట్రాప్ తెరుచుకునే ఉన్నా నీరు కదలదు. గొట్టాల్లో నీరు నిండి, వేడి తగ్గి, కవాటం మళ్లీ తెరుచుకుని, ఇలా ఉష్ణోగ్రత ఊగిసలాడుతుంది. పాలియెస్టర్ అద్దకంలో వేడిని నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున అదుపులో పెంచాలి. లేకపోతే రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా దిగుతుంది. ఇక్కడ సరైన మందు కొత్త ట్రాప్ కాదు. నీరు తనంతట తాను కిందికి పారే ఏర్పాటు, లేదా దాన్ని నెట్టే పంపు.

కానీ షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కు అంత తీరిక ఎక్కడిది? బ్యాచ్ ఆలస్యమవుతోంది. ట్రాప్ పక్కనే బైపాస్ కవాటం ఉంది. అర తిప్పు తిప్పితే నీరు పోయి యంత్రం వేడెక్కుతుంది. నీటి వెనకే ఆవిరీ పోతుంది. మూయడం ఎవరికీ గుర్తుండదు.

మౌనంగా పోయే బొగ్గు

ట్రాప్ పాడయ్యే తీరులు రెండు. మూసుకుపోయి చెడితే యంత్రం వేడెక్కదు, ఆపరేటర్ వెంటనే గోల చేస్తాడు, మరమ్మతు జరుగుతుంది. తెరుచుకుపోయి చెడితే యంత్రం బ్రహ్మాండంగా వేడెక్కుతుంది. ఫిర్యాదు చేసేవారే ఉండరు. నష్టం బాయిలర్ దగ్గర బొగ్గు లెక్కలో మాత్రమే కనిపిస్తుంది.

ఎంత నష్టమో లెక్కకట్టి చూద్దాం. 7 బార్ల పీడనంలో 3 మిల్లీమీటర్ల రంధ్రం గుండా గంటకు సుమారు 25 కిలోల ఆవిరి పోగలదు. రోజుకు 600 కిలోలు. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 180 టన్నులు. కిలో బొగ్గుకు 5 కిలోల ఆవిరి వస్తుందనుకుంటే 36 టన్నుల బొగ్గు. నిజానికి అదే రంధ్రం గుండా నీరు కూడా పోతుంది కనుక నష్టం దీనికంటే తక్కువే ఉండవచ్చు. సగమే అనుకున్నా, ఒక్క ట్రాప్‌కు 18 టన్నులు! మూడు నుంచి ఐదేళ్లు పట్టించుకోకుండా వదిలేసిన ఆవిరి వ్యవస్థల్లో 15 నుంచి 30 శాతం ట్రాప్‌లు చెడిపోయి ఉండవచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా.

చెడిపోయిందని కనిపెట్టడం ఎలా? ట్రాప్ నుంచి తెల్లటి పొగ వస్తే ఆవిరి పోతున్నట్టే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 7 బార్ల పీడనంలో 170 డిగ్రీలున్న నీరు ఆరుబయటకు రాగానే, దానిలో దాదాపు 13 శాతం తనంతట తానే ఆవిరైపోతుంది. దీనిని ఫ్లాష్ స్టీమ్ అంటారు. బాగా పనిచేసే ట్రాప్ నుంచీ ఇది వస్తుంది. మబ్బులా బద్ధకంగా పైకి లేస్తుంది. అసలు ఆవిరి అలా కాదు, బుస్సుమని నిటారుగా చిమ్ముతుంది. గొట్టం మూతి దగ్గర కొద్ది దూరం ఏమీ కనిపించదు, ఆ తర్వాతే తెలుపు మొదలవుతుంది.

ఉష్ణోగ్రత కొలిస్తే ట్రాప్ మూసుకుపోయిందో లేదో తెలుస్తుంది: చల్లగా ఉంటే నీరు నిలిచిందన్నమాట. తెరుచుకుపోయిందో లేదో మాత్రం దానితో గట్టిగా చెప్పలేం. మంచి ట్రాప్ తర్వాత కూడా ఫ్లాష్ స్టీమ్ వల్ల గొట్టం 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చెవే నమ్మదగ్గది, అందులోనూ మన చెవికి అందని అతిధ్వని తరంగాలను వినిపించే పరికరం. బిళ్ల ట్రాప్ అయితే విడివిడిగా టక్ టక్ మనాలి. ఆగకుండా గడగడలాడితే బిళ్ల అరిగినట్టు. 2 నుంచి 10 బార్ల మధ్య పనిచేసే ట్రాప్‌లను నెలకోసారి, లేదా కనీసం మూడు నెలలకోసారి ఇలా పరీక్షించమని అమెరికా ఇంధన శాఖే సూచిస్తోంది. ప్రతి ట్రాప్‌కూ ఒక నంబరు బిళ్ల కట్టి, పుస్తకంలో రాసుకోకపోతే ఈ పరీక్షలు రెండో నెలకే ఆగిపోతాయి.

నీటిని తిరిగి తెచ్చుకోవడం

ట్రాప్ బయటకు పంపిన కండెన్సేట్ శుద్ధమైన వేడినీరు. దాన్ని బాయిలర్‌కు తిరిగి పంపి, 30 డిగ్రీల నీటికి బదులు 90 డిగ్రీల నీరు పోయగలిగితే ఇంధనంలో సుమారు 10 శాతం మిగులుతుంది. అయినా అద్దకం మిల్లులు జంకుతాయి. కారణం లేకపోలేదు. జెట్ మెషీన్లలో వేడి చేయడానికి ఆవిరి పంపే గొట్టాల్లోనే, చల్లార్చేటప్పుడు చల్లని నీళ్లు పంపుతారు. ఆ గొట్టానికి సన్నని చిల్లు పడితే రంగునీరు కండెన్సేట్‌లో కలిసి బాయిలర్‌లోకి చేరుతుంది. నీటి విద్యుద్వాహకతను నిరంతరం కొలిచే చిన్న పరికరం పెట్టి, అది పెరగగానే నీటిని కాలువకు మళ్లిస్తే ఆ భయం తీరుతుంది.

సూరత్‌లో ఇప్పుడు పొగకూ ధర ఉంది. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఇక్కడ ధూళికణాల ఉద్గారాలకు అనుమతులు కొనుక్కునే, అమ్ముకునే మార్కెట్‌ను ప్రారంభించింది. ధూళికణాలకు సంబంధించి ప్రపంచంలో ఇదే మొదటిది. 317 పరిశ్రమలపై జరిగిన అధ్యయనంలో, ఈ మార్కెట్‌లో చేరినవాటి ధూళికణాలు 20-30 శాతం తగ్గినట్టు తేలింది. పొగగొట్టం దగ్గర వడపోత యంత్రం పెట్టడం ఒక మార్గం. ఆవిరి వృథా కాకుండా చూసి, కాల్చే బొగ్గునే తగ్గించుకోవడం మరొకటి.

దీపావళికి సూరత్ మిల్లులు మూతపడి, కార్మికులు సొంత ఊళ్లకు వెళతారు. ట్రాప్‌లు విప్పి, సీట్లు అరిగాయేమో చూసి, కొత్తవి బిగించడానికి అదే అనువైన సమయం. అయితే ఆ రోజుల్లో ఖాళీ గొట్టాల్లోకి గాలి చేరి లోపల తుప్పు పడుతుంది. మళ్లీ ఆవిరి వదలగానే ఆ తుప్పంతా పొరలు పొరలుగా ఊడి వస్తుంది. కాబట్టి మిల్లు తెరిచిన మొదటి వారంలోనే స్ట్రైనర్లన్నీ మరోసారి విప్పి కడగాలి. ట్రాప్ ముందు జల్లెడ నిండిపోయిందా లేదా అన్నది బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.