మనిషికి ధైర్యం చెప్పే ముందు పనిని చూద్దాం

పనిచోట మానసిక ఆరోగ్యం అనగానే హైదరాబాదు అద్దాల మేడలు, అక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గుర్తుకొస్తారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పనిచోట్లు వేరు. ఒకరికి అది కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర దింపు తీసే చోటు. ఇంకొకరికి అంబాజీపేట చుట్టుపక్కల కాయ ఒలిచే రాశి, లేదా రాత్రంతా ఏరియేటర్లు తిరిగే రొయ్యల చెరువు గట్టు. అమలాపురం బట్టల కొట్టు, ప్రైవేటు స్కూలు కూడా పనిచోట్లే. వీటన్నిటికంటే దూరాన, కోనసీమలో ఎన్నో ఇళ్లకు కూడు పెడుతున్న కువైట్, మస్కట్, ఖతార్ వంటిళ్లు ఉన్నాయి. ఈ చోట్లలో దేనికీ హెచ్‌ఆర్ విభాగం లేదు, కౌన్సెలర్ లేడు. మనసు నలగడం మాత్రం అన్నిచోట్లా ఉంది. అది ఎందుకు జరుగుతుందో, ఎవరు ఏం చేయవచ్చో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంత పెద్ద సమస్య

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2019లో పనిచేసే వయసులో ఉన్నవారిలో 15 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. కుంగుబాటు, ఆందోళన కారణంగా ప్రపంచం ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోగొట్టుకుంటోంది. ఆ నష్టం విలువ దాదాపు లక్ష కోట్ల డాలర్లు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో మానసిక సమస్య ఉందని తేల్చింది. జబ్బు రకాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని కూడా చెప్పింది.

వైద్యం అందకపోవడానికి డబ్బు, దూరం కారణాలే. దానికి తోడు సమస్య తన అసలు పేరుతో డాక్టరు దగ్గరికి రాదు. తలపోటు, ఒళ్లు నొప్పులు, గుండెదడ, అరగకపోవడం, నిద్ర పట్టకపోవడం అన్న పేర్లతో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వస్తుంది. ఒక సెలైన్ ఎక్కించుకుని, బలానికి ఇంజెక్షన్ చేయించుకుని, మర్నాడు మళ్లీ అదే పనిలోకి వెళ్లిపోతారు. ఆ నొప్పులు నిజమైనవే, ఎవరూ నటించడం లేదు. మనసు మీద పడ్డ బరువును ఒళ్లు కూడా మోస్తుంది.

పనిలో ఏది దెబ్బతీస్తుంది

కష్టమైన పని చేసేవాళ్లందరికీ మనసు చెడదు. ఎంత కష్టపడినా రాత్రి హాయిగా నిద్రపోయేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. తేడా ఎక్కడుంది? 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు దీనికి జవాబు ఇచ్చాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నప్పుడు మనిషి ఎక్కువ దెబ్బతింటాడన్నాడు. పక్కన సాయానికి మనిషి లేకపోతే ఆ దెబ్బ ఇంకా పెద్దదవుతుందని తర్వాతి పరిశోధనలు చేర్చాయి. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద దశాబ్దాల తరబడి సాగిన వైట్‌హాల్ అధ్యయనాలు కూడా ఇటే చూపించాయి. పెద్ద కుర్చీలో ఉన్నవారి కంటే, తమ పని మీద తమకు అదుపు లేని కింది ఉద్యోగులకే గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా కనిపించింది. జర్మనీకి చెందిన జోహానెస్ సీగ్రిస్ట్ 1996లో మరో సంగతి జోడించాడు. పడ్డ శ్రమకు తగ్గ జీతం, గౌరవం, భరోసా దక్కకపోతే ఆ అసమతుల్యమే మనిషిని తినేస్తుందన్నాడు.

ఈ మూడింటినీ కలిపితే ఏ పనిచోటుకైనా వేయదగ్గ నాలుగు ప్రశ్నలు వస్తాయి. పని మోయగలిగినంత ఉందా? పనిచేసేవాళ్ల మాటకు చోటుందా? కష్టానికి తగ్గ ఫలం, మర్యాద దొరుకుతున్నాయా? కష్టమొస్తే చెప్పుకోవడానికి ఎవరైనా ఉన్నారా?

వేల మైళ్ల అవతలి వంటిల్లు

ఈ ప్రశ్నలను కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ ఆడపడుచు ముందు పెట్టి చూడండి. కూతురి పెళ్లికో, ఇంటికో, పాత అప్పుకో వెళుతుంది. చాలాసార్లు వెళ్లడానికి కూడా అప్పు చేస్తుంది. ఆమెకు పనిచోటు, నివాసం ఒకే ఇల్లు. పని అయిపోయిందని తలుపు దాటి వచ్చే వీలుండదు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్ది ఫోను అందుకునే వేళకు రాజోలులో ఒంటిగంటన్నర. పిల్లలు నిద్రలో ఉంటారు. రంజాన్ నెలలో వంట తెల్లవారుజాము దాకా సాగుతుంది.

వీసా కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పేరుతో ముడిపడి ఉంటుంది. ఇల్లు వదిలి బయటికొస్తే పారిపోయినట్టు కేసు పెడతారన్న భయం. జీతం ఆలస్యమైనా, తిట్టినా నోరు విప్పలేదు. పని బరువు నిండా ఉంది, అదుపు లేదు, తోడు లేదు, ఫలం ఎప్పుడొస్తుందో తెలియదు. మంచి మేడమ్ దొరికినవాళ్లు సుఖంగానే పనిచేసి, ఇల్లు కట్టుకుని తిరిగొస్తారు. కానీ ఒక మనిషి నిద్ర, తిండి, ఫోను అన్నీ ఎదుటివాళ్ల మంచితనం మీదే ఆధారపడటం ఆ పనిలోని అసలు ప్రమాదం.

దీన్ని తగ్గించే చట్టాలున్నాయి. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు. మన ప్రభుత్వం కూడా గల్ఫ్ ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలని, ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా నమోదు కావాలని నిబంధన పెట్టింది. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తే ఈ రక్షణలన్నీ చేజారిపోతాయి. అమలాపురంలో జిల్లా యంత్రాంగం నడుపుతున్న కోనసీమ సెంటర్ ఫర్ మైగ్రేషన్, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, అక్కడి భారత రాయబార కార్యాలయం ఇలాంటి కష్టాల్లో తట్టవలసిన తలుపులు.

ఇంట్లోవాళ్ల చేతిలోనూ చాలా ఉంది. ఫోను రాగానే "డబ్బులు వేశావా?" అన్నదే మొదటి మాట అయితే ఆమె తన బాధ మింగేస్తుంది. "అన్నం తిన్నావా? ఎన్ని గంటలు పడుకున్నావు? వంట్లో ఎలా ఉంది?" అని అడిగితే నోరు తెరుస్తుంది. బయల్దేరే ముందే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీలు, కఫీల్ పేరు, చిరునామా, ఫోను నంబరు ఇంట్లో పెట్టుకోవాలి. వారంలో ఫలానా రోజు మాట్లాడాలని ఒక ఏర్పాటు చేసుకోవాలి. రెండు వారాలు ఆ ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో ముందే తెలిసి ఉండాలి. ఇక్కడ ఒక మనిషి కనిపెట్టుకుని ఉన్నాడన్న భరోసా అక్కడి మనసుకు పెద్ద ఆసరా.

తిరిగొచ్చాక కూడా ఈ ఆసరా కావాలి. పిల్లలు అమ్మమ్మ చేతిలో పెరిగి తల్లికి కొత్తవాళ్లయి ఉంటారు. ఊరు "ఎంత తెచ్చావు?" అని అడుగుతుంది. అక్కడ మాటలు పడ్డవాళ్లకు నెలల తరబడి నిద్ర పట్టకపోవచ్చు, గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడవచ్చు. వాళ్లను వెంటనే మరో వీసా కోసం తొందరపెట్టకుండా, కొంతకాలం ఊపిరి తీసుకోనివ్వాలి.

చెట్టు, చెరువు, కొట్టు

ఇక ఊళ్లో పనులు. యాభై, అరవై అడుగుల చెట్టెక్కే దింపు కార్మికుడికి చెట్టుకింత అని కూలి. వానకు మాను జారుతుంటే ఆరోజు ఎక్కకపోవడమే తెలివి, ఎక్కకపోతే పైసా రాదు. జారిపడితే ఇల్లు ఏమవుతుందన్న దిగులు చెట్టు దిగాక కూడా వదలదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరా సురక్ష పేరుతో వీళ్లకు ప్రమాద బీమా నడుపుతోంది. తన దింపు కార్మికుడికి ఆ బీమా ఉందో లేదో తోట యజమాని కనుక్కోవడం, లేకపోతే చేయించడం మానసిక ఆరోగ్యానికి చేసిన సాయమే. భయం తగ్గితే నిద్ర పడుతుంది.

చెరువు కాపలాదారుకు వేరే బాధ. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే లక్షల రూపాయల రొయ్య తేలిపోతుంది. గట్టు మీద గుడిసెలో ఉన్నవాడు కునుకు తీసినా ఉలికిపాటుతోనే. ఒక్కడినే నెలల తరబడి రాత్రి కాపలాలో ఉంచకుండా ఇద్దరిని వంతులవారీగా పెడితే, మనిషీ నిలుస్తాడు, సరుకూ నిలుస్తుంది.

బట్టల కొట్లలో అమ్మాయిలు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కొట్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం తెచ్చాయి. ఒక స్టూలు వేయడానికి మనం చట్టం కోసం ఆగనక్కర్లేదు. ప్రైవేటు స్కూళ్లలో వేసవి వస్తే టీచర్లు అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. పాఠం చెప్పడానికి చేరిన మనిషిని పిల్లల్ని పట్టుకొచ్చే లెక్కతో కొలిస్తే, నేర్చుకున్న విద్య మీదే విరక్తి పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన జబ్బుల వర్గీకరణలో చేర్చినప్పుడు, దాన్ని జబ్బుగా కాక పని నుంచి పుట్టే స్థితిగా పేర్కొంది. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామనిపించడం దాని మూడు గుర్తులు.

రైతు పనిచోటు పొలం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో వరి వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు ధర రాదు, కూలి ఖర్చు పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి కారణాలు విన్నది. ఒంటరిగా ఇంట్లో కుమిలిపోయే బాధను నలుగురూ కలిసి బయటపెట్టారు. ఆ డ్రెయిన్లే మనకు అసలు సంగతి చెబుతాయి. మురుగు కాలువ పూడిపోయి చేను మునిగినప్పుడు వరి మొక్కకు ధైర్యం చెబితే నీరు దిగదు, కాలువ పూడిక తీయాలి. మనుషుల విషయంలో మాత్రం మనం పని తీరును అలాగే ఉంచి, మనిషికి "గుండె దిటవు చేసుకో" అని చెప్పి ఊరుకుంటున్నాం.

యజమాని చేయగలిగినవి

నలుగురు పనివాళ్లున్న కొట్టుకైనా, నలభై మంది టీచర్లున్న స్కూలుకైనా ఇవి సాధ్యమే. జీతం చెప్పిన తేదీకి ఇవ్వడం మొదటిది. కొన్ని వేలే అయినా ఒకటో తారీకున కచ్చితంగా వస్తుందన్న నమ్మకం ఉంటే అప్పులవాడి బెంగ సగం తీరుతుంది. వారానికి ఒక సెలవు, ఆ రోజు ఫోను చేసి పని చెప్పకపోవడం రెండోది. తప్పు జరిగితే ఖాతాదారుల ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పడం మూడోది. పని మార్పులు చేసేముందు చేసేవాళ్లను అడగడం నాలుగోది. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

వేధింపులు ఉన్నచోట ఓదార్పు చాలదు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట మహిళల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న కొట్లలో పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

తోటివాళ్లు, వైద్యం

కలివిడిగా ఉండే మనిషి నాలుగు వారాలుగా ముభావంగా ఉంటే, పనిలో తరచూ తప్పులు దొర్లుతుంటే, తాగుడు పెరిగితే, తిండి తగ్గితే పక్కనున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. అప్పుడు "ఏమన్నా ఇబ్బందా?" అని ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. సలహా ఇచ్చే తొందర లేకుండా వినాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి చాలామంది జంకుతారు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల ఉన్నది బయటికొచ్చే దారి దొరుకుతుంది. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంట ఉండి సాయం అందేలా చూడాలి.

అలాంటప్పుడు ఫోను చేయదగ్గ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పెద్ద వైద్యం కావాలంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కుంగుబాటుకు ఇచ్చే మందులు అలవాటైపోతాయని చాలామంది భయపడతారు. అవి నిద్రమాత్రల లాంటివి కావు. వాటి గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, డాక్టరు చెప్పాకే తగ్గించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి మనిషికీ ప్రభుత్వ వైద్యం పొందే హక్కునూ, తన జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కునూ ఇచ్చింది. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలంది. ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలనీ, వారికి సంరక్షణ అందించాలనీ చెప్పింది. వైద్యం చేయించుకుంటున్నందుకు ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

ఈ సాయాలన్నీ అవసరమే. కానీ మందు, ఫోను నంబరు, ఓదార్పు మాట మనిషి దెబ్బతిన్న తర్వాత పనికొచ్చేవి. దెబ్బ తగలకుండా చూసేవి సకాలంలో జీతం, సరిపడా నిద్ర, వారానికో సెలవు, మాటలో మర్యాద, కష్టం చెప్పుకునే చోటు. గల్ఫ్ వెళ్లేవారికి ఇచ్చే శిక్షణలో ఇవి తమ హక్కులని చెప్పాలి. కొబ్బరి వర్తక సంఘాలు, ఆక్వా రైతు సంఘాలు, స్కూలు యాజమాన్యాలు తమ సమావేశాల్లో ధరలతోపాటు పనివాళ్ల గంటలనూ చర్చకు పెట్టాలి. నలుగురికి పని ఇస్తున్న ప్రతి ఒక్కరూ పై నాలుగు ప్రశ్నలను తమ పనిచోటుకు వేసుకుని, "లేదు" అని వచ్చిన ఒక్క జవాబునైనా ఈ నెలలోనే మార్చడం మొదలుపెట్టాలి.