పనివాళ్లను నమ్మాలా? నిఘా పెట్టాలా?.. ఆర్మూర్ పసుపు చేలు చెప్పే మేనేజ్‌మెంట్ పాఠం

ఆర్మూర్: గట్టు మీద యజమాని నిలబడితేనే పని నడుస్తుందా? లేకున్నా నడుస్తుందా? నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంలో పసుపు తవ్వకాలు మొదలైతే రైతులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. పెద్ద కంపెనీల మేనేజర్లదీ ఇదే తలనొప్పి. దీని వెనక వేల ఏళ్ల నాటి తాత్విక చర్చ ఉంది. అసలు మనిషి స్వభావం ఎలాంటిది?

కౌటిల్యుడి లెక్క ఇదీ
ఖజానా సొమ్ము చేతిలో ఉన్న ఉద్యోగి ఎంతో కొంత నొక్కేస్తాడన్నది అర్థశాస్త్రం అనుమానం. అందుకే తనిఖీలు, బదిలీలు ఉండాలంటుంది. అదే గ్రంథం.. సొమ్ము తినకుండా, న్యాయంగా ఆదాయం పెంచినవాళ్లను పదవిలో స్థిరంగా ఉంచాలనీ చెబుతుంది. చైనాలో మెన్షియస్ మనిషి సహజంగా మంచివాడే అన్నాడు. షున్‌జీ మాత్రం కాదు, శిక్షణతోనే మంచివాడవుతాడన్నాడు.

ఎక్స్, వై అంటే ఏంటి?
ఈ చర్చను ఆఫీసుల్లోకి తెచ్చినవారిలో అమెరికా ప్రొఫెసర్ డగ్లస్ మెక్‌గ్రెగర్ ముఖ్యుడు. 1960లో ఆయన పుస్తకం వచ్చింది. మనిషికి పనంటే ఇష్టం ఉండదు, అజమాయిషీ చేయాల్సిందే అనేది 'థియరీ ఎక్స్'. పని తనదనిపిస్తే మనిషి తానే బాధ్యత తీసుకుంటాడనేది 'థియరీ వై'. అసలు మెలిక ఇక్కడే ఉంది. సోమరి అనుకుని కాపలా పెడితే, ఆ మనిషి కాపలా ఉన్నంతసేపే పనిచేస్తాడు. 'చూశావా, నేను ముందే చెప్పిన' అంటాడు యజమాని. నిజానికి ఆ సోమరితనం ఆ కాపలా నుంచే పుట్టింది.

చేనులో ఏం జరుగుతుంది?
రోజు కూలీకి పిలిస్తే పక్కనే ఉండి చూసుకోవాలి. గుత్తకిస్తే పని తొందరగా తెగుతుంది. కానీ ఆ తొందరలో కొమ్ములు విరగొచ్చు, కొన్ని మట్టిలోనే ఉండిపోవచ్చు. గుత్త వేగానికి డబ్బిస్తుంది, పనితనానికి కాదు. ఉడకబెట్టేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. పుల్ల గుచ్చి, వాసన చూసి ఉడికిందో లేదో చెప్పగలిగేది అనుభవం ఉన్న చెయ్యే. ఆ అనుభవాన్ని కాపలాతో రాబట్టలేం.

మరేం చేయాలి?
తూకం, లెక్కల దగ్గర నిఘా ఉండాల్సిందే. కాంటా అందరికీ ఒకటే కాబట్టి ఎవరికీ అవమానం అనిపించదు. పనితనం దగ్గర మాత్రం నమ్మకం కావాలి. కొమ్ము విరగకుండా తవ్వితే ఎంత ఎక్కువ ఇస్తారో ముఠా మేస్త్రీతో ముందే మాట్లాడుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: 'మీరు మావాళ్లే' అంటూ కూలీ తగ్గిస్తే అది నమ్మకం కాదు. అది మనుషులకు తొందరగానే అర్థమవుతుంది.