కడలిని పూడ్చి వేసిన బాట

టెంఘరులో సాంచాలు నడుపు మన తెలుగువారు సెలవుదినమున బొంబాయి చూడగోరినచో కల్యాణ్ పోయి లోకలు రైలెక్కుదురు. చూడదగినవి ఎన్ని యున్నను తుదకు చేరునది మెరైన్ డ్రైవు. నరిమన్ పాయింటు మొదలు చౌపాటీ వఱకు విల్లువలె వంగిన ఆ బాట పొడవు మూడున్నర కిలోమీటర్లకు పైచిలుకు. రాత్రి దీపములు వెలిగిన పిదప దానిని రాణిగారి కంఠహార మందురు. పిల్లలకు కాల్చిన మక్క కంకి కొనిపెట్టి గట్టుపై కూర్చుండి అలలను చూచుటకు ఎవ్వరికిని రుసుము చెల్లింప నక్కఱలేదు. వారమంతయు సాంచాల మ్రోతలో నుండు చెవులకు ఆ హోరు విశ్రాంతియే.

అయితే ఆ సొగసైన బాటకు పుట్టుక యంత సొగసైనది కాదు.

బాట వెంబడి మేడలు నిలిచిన నేల నూఱేండ్లకు పూర్వము సముద్రము. 1918 మొదలు 1923 వఱకు బొంబాయి గవర్నరుగా నుండిన సర్ జార్జి లాయిడ్ బ్యాక్ బే యను నా యఖాతమును పూడ్చి 1,145 ఎకరముల క్రొత్త నేలను సంపాదింప సంకల్పించెను. 1920లో అందులకై డెవలప్‌మెంటు శాఖ యేర్పడెను. మిల్లు కూలీలకు 50 వేల గదులు కట్టింతుమని పూనుకొన్నదియు ఈ శాఖయే. ఆ గదుల పేర బొంబాయి చేరు ప్రతి ప్రత్తి బేలుపైని ఒక రూపాయి పన్ను విధించిరి. నూలుతో బ్రదుకు మనము ఈ సంగతి మఱువరాదు. తుదకు కట్టినవి 16 వేల చిల్లర గదులు. వర్లీ, నాయ్‌గావ్ మున్నగు చోట్ల బి.డి.డి. చాళ్లను పేర వెలసినవి అవియే.

సముద్రపు పనియు నట్లే యయ్యెను. రేవునుండి బురద తోడి గోడ లోపలికి ఎక్కించుచుండగా అంచనాలు తాఱుమాఱయ్యెను, వ్యయము మిన్నుముట్టెను. జనులు దీనిని లాయిడుగారి వెఱ్ఱి యని ఎగతాళి చేసిరి. అధికారులు నోరు మెదపకున్నను, ఖుర్షీద్ ఫ్రాంజీ నరిమన్ అను పార్సీ న్యాయవాది ఊరకుండలేదు. శాసనసభ్యుడుగా నుండి శాఖలోని అక్రమములను ప్రజలముందు పెట్టెను. హార్వీ యను ఇంజనీరు ఆయనపై పరువునష్టపు అభియోగము తెచ్చెను. ప్రభుత్వపు పెద్ద యుద్యోగితో న్యాయస్థానమున తలపడుట నాడు సామాన్యమా? నరిమన్ నిర్దోషిగా వెలువడెను. 1926లో మియర్స్ కమిటీ విచారణయు జరిగెను. తలపెట్టిన ఎనిమిది ఖండములలో నాలుగే పూడినవి. అందు ఉత్తరపు రెండింటిపై మెరైన్ డ్రైవును, 1930 తరువాతి దశాబ్దమున దాని ప్రక్క మేడలును లేచినవి. యునెస్కో 2018లో వానిని ప్రపంచ వారసత్వములో చేర్చెను.

నాడు పూడకుండ మిగిలిన నడిమి భాగమున కొంత స్వాతంత్ర్యానంతరము పూడ్చి, ఆ నేలకు నరిమన్ పాయింటని పేరిడిరి. సముద్రపు పూడిక లెక్కలడిగిన వాని పేరు పూడిక నేలకే పెట్టుట గౌరవమో, పరిహాసమో మాకు తెలియరాదు. మరల తీరమును పూడ్చి వేసిన క్రొత్త రోడ్డు 2024లో వర్లీని మెరైన్ డ్రైవుతో కలిపెను. ఈ మాఱు టెంఘరునుండి పోవువారు దక్షిణపు కొసదాక నడచి, ఆ నరిమన్ ఎవరో పిల్లలకు చెప్పి, కడపటి కల్యాణ్ బండి తప్పకముందే తిరిగి రావలెనని మా కోరిక.