పాడే గుహ

గత వేసవిలో నేనొక గుహను చూడబోయి, వినివచ్చినాను. చమత్కారం కోసం ఈ మాట అనడం లేదు. ముప్పది ఏండ్లుగా కళాశాలలో తెలుగు చెబుతూ, వర్ణన అంటే కంటికి సంబంధించిన విద్య అని విద్యార్థులకు నూరిపోసినవాణ్ణి నేను. "నీవు చూచిన ఒక దృశ్యమును వర్ణింపుము" అని ప్రశ్నపత్రాలలో ఎన్నిసార్లు ఇచ్చినానో లెక్కలేదు. "నీవు విన్న ఒక చోటును వర్ణింపుము" అని ఒక్కసారి అయినా ఇచ్చిన జ్ఞాపకం లేదు. ఆ లోపాన్ని నాకు ఎరుకపరచినది స్కాట్లండు పశ్చిమతీరాన, స్టాఫా అనే చిన్న ద్వీపంలో ఉన్న ఒక సముద్రగుహ. లోకం దానిని ఫింగాల్ గుహ అని పిలుస్తున్నది.

మా అమ్మాయి గ్లాస్గో నగరంలో ఉంటున్నది. సెలవులకు నన్ను అక్కడికి రప్పించుకొని, "నాన్నగారూ, పుస్తకాలు ఇంటి దగ్గరయినా చదువుకోవచ్చు, సముద్రం చూద్దురుగాని రండి" అని బయలుదేరదీసినది. అమ్మాయి, నేను, తొమ్మిదేండ్ల మనుమరాలు - ముగ్గురం ప్రయాణమైనాము. గ్లాస్గో నుంచి ఓబన్ రేవుకు రైలులో ఇంచుమించు మూడు గంటలు పడుతుంది. అక్కడ పెద్ద ఓడ ఎక్కి మల్ అనే ద్వీపం చేరి, ఒక్క వాహనం మాత్రమే పట్టే సన్నని బాటమీద బస్సులో, ఆ ద్వీపపు పడమటి కొసన ఉన్న ఫిన్నఫోర్ట్ అనే పల్లెకు పోవలెను.

రైలులో కూర్చున్నంతసేపూ ఆ గుహ చరిత్రనే చదువుకొన్నాను. 1772లో జోసెఫ్ బ్యాంక్స్ అనే ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఐస్లండుకు పోతూ, దారిలో స్టాఫాలో దిగి, ఈ గుహను గురించి వ్రాసినాడు. అంతవరకు చుట్టుప్రక్కల ద్వీపవాసులకు తప్ప ఇతరులకు అంతగా తెలియని ఆ చోటు, అటు తరువాత యాత్రాస్థలమైపోయినది. 1818లో కీట్స్ మహాకవి వచ్చినాడు. చిత్రకారుడు టర్నర్ వచ్చి చూచి, వేసిన చిత్రాన్ని 1832లో ప్రదర్శించినాడు. 1829 ఆగస్టులో జర్మను సంగీతకర్త మెండెల్సన్ వచ్చినాడు; అప్పటికి ఆయన ఇరువదేండ్ల యువకుడు. ఆయన రచించిన 'హెబ్రిడీస్' అనే వాద్యసంగీతఖండానికి ఈ గుహ పేరే రెండవ పేరుగా స్థిరపడినది. విశేషమేమంటే, ఆ సంగీతానికి ప్రారంభస్వరాలను ఆయన ఇంటికి ఉత్తరంలో వ్రాసి పంపినది ఆగస్టు 7వ తేదీన; గుహను దర్శించినది 8వ తేదీన! కన్ను గుహను చూడకముందే చెవి ఆ సముద్రాన్ని అందుకొన్నదన్నమాట. ఈ సంగతిని నేను వింతగా చదువుకొన్నానేగాని, దానిలో నాకొక పాఠమున్నదని అప్పుడు తోచలేదు.

ఫిన్నఫోర్టులో మేము ఎక్కినది స్పీడుబోటు. ప్రక్కలకు గాలి నింపిన లావుపాటి రబ్బరు గొట్టాలు, వెనుక రెండు మోటార్లు, పన్నెండు మందికి చోటు. నడిపే ఆయన అరువది దాటిన ద్వీపవాసి. మాచేత లైఫ్ జాకెట్లు తొడిగించి, గుర్రపు జీను వంటి ఆసనాలమీద ఎట్లా కూర్చోవలెనో, దేనిని పట్టుకోవలెనో చెప్పినాడు. రేవు దాటగానే పడవ అలమీదినుంచి అలమీదికి లంఘించి దబ్బున పడడం మొదలుపెట్టినది. ఉప్పునీటి తుంపర ముఖానికి సూదులవలె తగులుతున్నది. మోటార్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. ముందు ఆసనంలోని మనుమరాలు వెనుకకు తిరిగి నోరారా నవ్వుతున్నది. ఆ నవ్వు కనబడుతున్నదేగాని వినబడడం లేదు.

అరగంట గడిచేసరికి స్టాఫా ఎదుట నిలిచినది. పొడవు సుమారు ఒక కిలోమీటరు, వెడల్పు అందులో సగం, జనావాసం లేదు. మన దేవాలయాల కల్యాణమండపమొకటి సముద్రంలో సగం మునిగి, పైకప్పుమీద పచ్చిక మొలచినదా అన్నట్లున్నది. గోడలన్నీ స్తంభాలే. ఒకదానికొకటి తాకుతూ, ఉలితో చెక్కినట్లు అంచులు తీర్చి, వేలకొలది నల్లని స్తంభాలు. పూర్వం ఈ సముద్రాలలో తిరిగిన నార్వే నావికుల భాషలో స్టాఫా అంటే స్తంభాల ద్వీపమని అర్థం.

ఈ స్తంభాలను చెక్కిన శిల్పి ఎవరో తెలుసుకోవడానికి విద్యార్థులు స్కాట్లండు పోనక్కరలేదు. వేసవిలో ఎండిన చెరువు అడుగును చూస్తే చాలు. బురద ఆరి కుంచించుకొన్నప్పుడు బీటలు వారి, పలకలు పలకలుగా విడిపోతుంది. సుమారు ఆరుకోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుంచి వెలువడిన లావా ఇక్కడ మందమైన పొరగా పరచుకొని, మెల్లగా చల్లారుతూ అట్లాగే కుంచించుకొన్నది. పైనా క్రిందా మొదట చల్లారిన వైపుల నుంచి బీటలు లోపలికి దిగి, రాతిని నిలువు స్తంభాలుగా విడదీసినవి. వాటిలో అధికభాగం ఆరు పలకలవి. ఐదు, ఏడు పలకలవీ ఉన్నవి. మనదేశంలోనే కర్ణాటకలో మల్పే రేవుకు ఎదురుగా ఉన్న సెయింట్ మేరీస్ దీవులలో ఈ మాదిరి స్తంభశిలలను చూడవచ్చు.

స్తంభాలు లావా చేసిన పని అయితే, గుహ సముద్రం చేసిన పని. అల వచ్చి కొట్టినప్పుడు బీటలలోని గాలి నొక్కుకొనిపోతుంది. అల వెనుకకు తీసినప్పుడు ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఎడతెగని ఈ ఒత్తిడికి బలహీనమైన చోట రాయి సడలి ఊడిపోతుంది. అట్లా ఏర్పడిన ఫింగాల్ గుహ ఎత్తు సుమారు 20 మీటర్లు. లోపలికి సుమారు 70 మీటర్లు పోతుంది. కొన్ని తీరాలలో గుహ అవతలి వైపుకు తెరచుకొని తోరణమవుతుంది. మన విశాఖపట్టణం దగ్గర మంగమారిపేట తీరాన నిలిచిన శిలాతోరణం కూడా సముద్రం తొలిచినదే.

ఆనాడు అల పెద్దదిగా ఉన్నందున ద్వీపంలో దిగడం సాధ్యం కాదని పడవ నడిపే ఆయన చెప్పినాడు. నిరాశ కలిగినది. కాని 1773లో డాక్టర్ జాన్సన్, ఆయన శిష్యప్రాయుడు బాస్వెల్ ఈ ద్వీపాల యాత్ర చేస్తూ, స్టాఫాను దూరం నుంచి చూచికూడా అల ఉద్ధృతివల్ల దిగలేక పోయినారు. అంతటి నిఘంటుకారునికి దక్కనిది నాకు దక్కలేదని విచారించడమెందుకు అని సమాధానపడినాను. పడవ గుహముఖానికి ఎదురుగా, కొంత ఎడంగా నిలిచినది. అందరమూ సెల్‌ఫోనులు పైకెత్తినాము. నేనూ ఎత్తినాను.

అప్పుడు ఆయన రెండు మోటార్లనూ ఆపివేసి, మాట్లాడవద్దని చేయి ఎత్తినాడు.

తొలుత చెవులలో మోటారు రొద మిగిలి ఉన్నది. అది మెల్లగా తగ్గినది. పైన పక్షుల అరుపు వినిపించినది. పిమ్మట ఒక పెద్ద అల మా పడవను ఎత్తి దింపి గుహలోనికి పోయినది. కొంతసేపు ఏమీ లేదు. తరువాత ఎంతో లోపలినుంచి, మృదంగపు ఎడమవైపున అరచేయి మోపి కొట్టినట్లు ఒక లోతయిన నాదం పుట్టి, ఆ కమానువంటి కప్పు క్రింద ప్రతిధ్వనించి, మాదాకా వచ్చినది. అల వెనుకకు మరలేటప్పుడు స్తంభాల సందులలో నుంచి నీరు జారుతూ సన్నని పలుచని స్వరాలు పలికినది. మరల మౌనం. మరల ఇంకొక అల. ఏ రెండు అలలూ ఒకేవిధంగా పలుకలేదు. నా ఫోను ఎప్పుడు క్రిందికి దిగినదో నాకు తెలియదు.

కొంతసేపటికి ఆయన తగ్గుగొంతుతో, "మా అమ్మమ్మ దీనిని ఫింగాల్ గుహ అనేది కాదు. తన భాషలో పాడే గుహ అనేది" అన్నాడు.

ఆ మాట వెంట ఒక పెద్ద వివాదమున్నది. తెలుగు చెప్పుకొనేవారికి అది రుచిస్తుంది. ఆ ద్వీపాల పూర్వభాష గేలిక్. ఆ భాషలో 'ఉఅవ్' అంటే గుహ; 'బీన్' అంటే మధురంగా పలికేది. మన గసడదవాదేశసంధిలో పకారం వకారమైనట్లు, ఆ భాషలో స్త్రీలింగ నామం తరువాత వచ్చే విశేషణంలోని బకారం వకారమవుతుంది. కాబట్టి మధురగుహ 'ఉఅవ్ వీన్' అవుతుంది. ఇక ఫిన్ అనే వీరుడు గేలిక్ జానపద కథలలో ప్రసిద్ధుడు. 'ఫిన్ యొక్క గుహ' అనవలసివచ్చినప్పుడు, ఆ భాషాసంప్రదాయంలో ఫకారం ఉచ్చారణలో లోపించి 'ఉఅవ్ ఈన్' అవుతుంది. రెండు పేర్లనూ పైకి అనిచూడండి. పదచ్ఛేదం ఎక్కడ చేయవలెనో చెవికి తేలడం కష్టం.

బ్యాంక్స్ తన మార్గదర్శిని పేరడిగినప్పుడు, అది ఫిన్ గుహ అని జవాబు వచ్చినదని వ్రాసుకొన్నాడు. ఆ రోజులలో జేమ్స్ మాక్ఫర్సన్ ప్రకటించిన ఆసియన్ కావ్యాలను యూరపు అంతా చదువుతున్నది. ప్రాచీన గేలిక్ కవి రచనకు అనువాదమని చెప్పి 1761 చివర ఆయన వెలువరించిన కావ్యం పేరే 'ఫింగాల్'. ఆ ఫిన్ వీరునికి ఆయన పెట్టిన పేరది. ప్రాచీనప్రతులను చూపుమని జాన్సన్ వంటివారు నిలదీసినారు. విమర్శకులను ఒప్పించగల ప్రతులు బయటికి రాలేదు. కొన్ని జానపద గేయాలను ఆధారం చేసుకొని అధికభాగం ఆయన స్వయంగా కల్పించినదేనని నేటి పండితుల నిర్ణయం. 1784లో ఇక్కడికి వచ్చిన ఫోజా అనే ఫ్రెంచి భూగర్భశాస్త్రజ్ఞుడు, దీని నిజమైన పేరు మధురగుహ అనీ, వినడంలో పొరపాటు జరిగినదనీ వాదించినాడు. కాని అప్పటికే గ్రంథం గెలిచినది, చెవి ఓడిపోయినది.

ఫిన్ పేరు స్థానికంగా ఉండనే లేదని నేను తీర్పు చెప్పబోను. వీరుల పేర్లు కొండలకూ గుహలకూ అంటుకోవడం మన దేశంలోనూ ఉన్నది. భీముని పాదాలు, సీతమ్మ స్నానాలు లేని జిల్లా ఏది? అయినా ఆ మోటారు ఆగిన నాలుగు నిమిషాలు నాకు ఏ పేరు నిజమో చెప్పినవి. అలల ప్రక్కన పుట్టి పెరిగినవారు ఆ గుహను ముందు చెవితోనే ఎరిగి ఉంటారు. పొగమంచులో, చీకటిలో పడవ నడిపేవారికి కంటికంటె చెవి ముఖ్యం.

"మీకు గేలిక్ వచ్చునా?" అని ఆయనను అడిగినాను. "రాదు. అమ్మమ్మకు వచ్చు. మా అమ్మకు అర్థమయ్యేది. నాకు రాళ్ళ పేర్లు, రేవుల పేర్లు మాత్రం మిగిలినవి" అన్నాడు. 1872లో స్కాట్లండుకు నిర్బంధ విద్యాచట్టం వచ్చినప్పుడు అందులో గేలిక్‌కు చోటే లేకపోయినది. 2011 జనాభా లెక్కల నాటికి ఆ భాష మాట్లాడగలవారు దేశమంతటా 58 వేలకు మించలేదు. 2005లో దాని రక్షణకు చట్టం చేసుకొన్నారు. బడి త్రోసివేసినదానిని నేడు బడే తిరిగి నేర్పవలసివస్తున్నది. ఉపాధ్యాయులమైన మనం ఈ మాటను రెండుసార్లు చదువుకోవలెను.

ఆయన మాటలు వింటూ నేను మా మనుమరాలి వంక చూచినాను. దానికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. అమ్మమ్మకు వచ్చు, అమ్మకు అర్థమయ్యేది, నాకు పేర్లు మిగిలినవి - ఆ మెట్లు నాకు చాలా దగ్గరగా కనిపించినవి. ఇంతలో ఇంకొక అల లోపలికి పోయినది. పిల్ల నా చేయి పట్టుకొని, చెవి దగ్గర నోరు పెట్టి, రహస్యంగా, "తాతయ్యా, గుహ ఊపిరి పీలుస్తోంది" అన్నది. లోపలి నాదం వచ్చినది. "ఇప్పుడు వదిలింది."

గంభీరఘోషమనీ, మంద్రధ్వని అనీ నేను వెదుకులాడుతున్న మాటలన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలపోయినవి. తెలుగులోనే ఎందుకన్నదో తరువాత అమ్మాయి చెప్పినది. రాత్రి దీపం తీసిన తరువాత దానికి కథలు తెలుగులోనే చెబుతుందట. గొంతు తగ్గించి మాట్లాడవలసివస్తే దానికి వచ్చే భాష అదేనట. మోటారు రొదలో ఆ మాట పుట్టేది కాదు.

తిరిగివచ్చిన తరువాత మన పేర్లు కొత్తగా వినబడుతున్నవి. విశాఖ తీరాన ఓడల వారు దూరం నుంచి ఆకారం చూచి డాల్ఫిన్ నోస్ అన్నదానిని, అక్కడివారు తమ ఊరి పేరుతో యారాడ కొండ అంటారు. మంగమారిపేట చేరువనే ఉన్న బౌద్ధక్షేత్రానికి, రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టి తొట్లకొండ అని పేరు. ఏ గ్రంథమూ చదువనివారు పెట్టిన ఇటువంటి పేర్లు మీ ఊరి చుట్టూ ఎన్ని ఉన్నవో! ఉపాధ్యాయ మిత్రులారా, ఒక ఆదివారం పిల్లలను చెరువుగట్టుకు తీసుకొనిపోండి. పెద్దలను అడిగి గుట్టలకూ, మడులకూ, రేవులకూ ఉన్న పేర్లు వ్రాయించండి. వ్రాయించే ముందు కొంతసేపు కళ్ళు మూసుకొని వినమనండి.

కళాశాల తెరచిన తరువాత నేను ఇచ్చిన మొదటి వ్యాసాంశం 'నీవు విన్న ఒక చోటు'. ఒక విద్యార్థిని తమ ఊరి చేదబావి గిలక చప్పుడును గురించి ఒకటిన్నర పుటలు వ్రాసి, "బావి ఇప్పటికీ ఉన్నది, చప్పుడు లేదు" అని ముగించినది. ఆ వ్యాసానికి మార్కులు వేయబోయి, కలం ప్రక్కన పెట్టి, చాలాసేపు ఊరక కూర్చున్నాను.