పలకపై దిద్దినట్లు

మా మార్కాపురమునకు పలకల ఊరని పేరు. ఈ నేలలో పొరలు పొరలుగ దొరకు రాతిని చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించిన పలకలపై ఎన్నియో ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దిరి. దిద్దుట యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. గురువు వ్రాసిన అక్షరముపై బలపముతో మరల మరల వ్రాయుట యొకటి. తప్పును సరిచేయుట మఱియొకటి. ఈ రెండును వేఱువేఱు పనులు కావనియు, ఒకరు దిద్దినదానిపై వేఱొకరు దిద్దుటయే విద్య యనియు మాకు కంప్యూటరు పనివారి మూలమున తెలియవచ్చినది. ఆ వృత్తాంతమును మీతో ముచ్చటించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మామగారు గిద్దలూరు ప్రాంతమున చాలకాలము తెలుగు పండితులుగ నుండిరి. పిల్లలకు సులభముగ బోధపడునట్లు ఛందస్సును గూర్చి రెండువందల పుటల గ్రంథము నొకదానిని వ్రాసి, 2004వ సంవత్సరమున ఒక డి.టి.పి. దుకాణమున అక్షరములు కూర్పించిరి. అచ్చునకు ధనము చాలక అది అట్లే నిలిచిపోయినది. 2011లో వారు పరమపదించిరి. వారి చేతివ్రాత పుస్తకములను చెదలు తినివేసెను. మిగిలినది దుకాణమువారిచ్చిన సీడీ యొక్కటియే. దానిని మేము పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచితిమి.

2020వ సంవత్సరమున కరోనా మూలమున కార్యాలయములు మూతపడగా, హైదరాబాదులో వెబ్‌సైట్లకు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగము చేయుచున్న మా ఆడబిడ్డ కుమార్తె కొన్ని నెలలు మా యింటనే యుండి పనిచేసెను. ఒకనాడు సీడీని తెచ్చి, "అమ్మాయీ, మీ తాతగారి పుస్తకము దీనిలో నున్నది, తెరచి చూపుము" అని యడిగితిమి. తెరచి చూడగా తెలుగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకములు కలగాపులగముగ కన్పట్టెను. మా వారు కొంతసేపు తెరవంక చూచి, మాటలాడక లేచి వాకిటిలోనికి పోయిరి.

జరిగిన దేమనగా, ఆ కాలపు తెలుగు ఫాంటులు పెక్కింటిలో ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు రూపములను చిత్రించి కూర్చెడివారు. ఒక్కొక్క సంస్థ కూర్పు ఒక్కొక్క రీతిగ నుండెడిది. ఆ ఫాంటు లేనిచోట ఆ వ్రాత గాలిలో గీతయే. ప్రపంచమందలి లిపుల అక్షరములకెల్ల వేఱువేఱు సంఖ్యలనిచ్చు యూనికోడు పద్ధతి 1991లో వెలువడినది. దానిలో ఆదినుండియు తెలుగునకు చోటు కలదు. కాని అది ఇంటింటికి వచ్చుటకు చాలకాలము పట్టినది. ఈ నడుమ పాత వ్రాతలను కొత్త పద్ధతికి మార్చుటకు కొందఱు తెలుగువారు తమ తీరిక వేళలందు ప్రోగ్రాములు వ్రాసి, ఎవరైనను వాడుకొనునట్లు విడిచిరి. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జునగారే "పద్మ" యను అట్టి పరికరమును చేసిరి. ఆ "పద్మ" ఆధారముగ వీవెన్‌గారు "లేఖిని"ని నిర్మించిరి. ఇంగ్లీషు మీటలను నొక్కి తెలుగు వ్రాయగోరిన వేలకొలది జనులకు "లేఖిని"యే తొలి పలక యైనది. ఒకరి దిద్దుటపై మఱియొకరు దిద్దుట యని మేమన్నది ఇదియే.

మా అమ్మాయియు ఎవరో మహానుభావుడు వ్రాసియుంచిన అట్టి ప్రోగ్రామునొకదానిని వెదకి తెచ్చి నడిపెను. తెరపై తెలుగు మొలచినది! మా వారిని కేకవేసితిమి. కాని చదువబోగా "చక్రము" ఉండవలసినచోట "చ్రకము", "సూత్రము" ఉండవలసినచోట "స్రూతము" అని యున్నది. పాత ఫాంటులో క్రావడిని అక్షరమునకు ముందు కొట్టుదురు. కొత్త పద్ధతిలో అది అక్షరమునకు తరువాత రావలయును. ముందున్న క్రావడి వెనుకటి యక్షరమునకు తగులుకొని ఈ వికారము కలిగినది. ఛందశ్శాస్త్రమున ప్రాస లేనిచో పుట గడచునా? రెండువందల పుటలను చేతితో దిద్దుటకు ఎన్ని నెలలు పట్టునో యని మేము నిట్టూర్చితిమి.

"అడిగిన చెప్పువారున్నారు, అత్తయ్యా" అని అమ్మాయి యనెను. అనెను గాని అడుగలేదు. రెండు దినములు చూచి కారణమడిగితిమి. ఉద్యోగమున చేరిన కొత్తలో తానొకచోట ఒక సందేహమడుగగా, "ఇంతమాత్రము తెలియనివారు ఈ పనికేల వచ్చిరి?" అని యొకడు వ్రాసెననియు, మఱి నలుగురు దానికి నవ్విరనియు, నాటినుండి ఇతరుల సమాధానములను చదువుకొనుటయే గాని తాను నోరు తెరచుట లేదనియు చెప్పెను. పేరుకూడ పొడి అక్షరములతోనే పెట్టుకొన్నదట, ఆడుపిల్ల యని తెలియకుండుటకు!

ఈ బాధ మా పిల్ల యొక్కతెదే కాదు. ప్రోగ్రాములు వ్రాయువారు ప్రశ్నోత్తరములు జరుపుకొను స్థలములలో మిక్కిలి పెద్దదైన స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో ప్రారంభమైనది. మా పిల్లకు జరిగిన సంగతి ఆ చోటిది కాదు. కాని ఆ సంస్థవారే 2018లో, తమ యొద్ద కొత్తవారికిని స్త్రీలకును తగిన ఆదరణ లేదని బహిరంగముగ ఒప్పుకొని మర్యాద నియమములను దిద్దుకొనిరి. వారు ఏటేట జరుపు విచారణలలో ప్రత్యుత్తరమిచ్చినవారిలో స్త్రీలు నూటికి పదుగురికన్న తక్కువగనే కనబడుచు వచ్చిరి. విద్య లేక కాదు. నోరు తెరచిన నవ్వుదురేమో యను జంకు చేత ఎందఱు వాకిటనుండియే మరలిపోయిరో!

మేము చెప్పితిమి గదా: "అమ్మాయీ, ఆ నవ్వినవారు నీ తాతగారి పుస్తకమును చదివి పెట్టుదురా? చెప్పువారు పదిమంది యున్నపుడు నవ్వువాడొకడు లేకపోడు. అడుగుము."

ఆ రాత్రి అమ్మాయి ప్రశ్న వ్రాయుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిమి. అడుగుట కూడ ఒక శాస్త్రమే! "పని చేయుట లేదు" అన్న చాలదు. ఏమి చేసితిని, ఏమి రావలయును, ఏమి వచ్చినది—ఈ మూడును చెప్పవలయును. రెండువందల పుటలను ఎదుటివాని నెత్తిన పడవేయక, తప్పును చూపు రెండు మాటలనే యీయవలయును. ఆవకాయ బూజు పట్టినదన్నంత మాత్రమున ఎవరేమి చెప్పగలరు? ఉప్పెంత, కాయ తడి ఆరెనా, నూనె పైకి తేలెనా యని చెప్పినగదా పెద్దలు ఉపాయము చెప్పుదురు. ఇట్లు విడమరచి వ్రాయుచుండగనే సగము ప్రశ్నలకు సమాధానము తనకే తోచునట. అందుచేత కొందఱు బల్లపై బాతుబొమ్మ నుంచుకొని, ముందుగ దానికి తమ గోడంతయు వినిపింతురట. 1999లో వెలువడిన "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" అను గ్రంథము వలన ఆ వేడుక వ్యాపించినదని అమ్మాయి చెప్పెను. మేము నవ్వితిమి గాని, మన పెద్దలు తులసికోట యొద్ద గోడు చెప్పుకొని మనసు తేటపరచుకొనుట ఇట్టిదే కదా యని తోచినది.

తెల్లవారునప్పటికి రెండు సమాధానములు వచ్చియుండెను. మొదటివాడు పరిహాసకుడు: "మా కంప్యూటరులో చక్రము బాగుగనే తిరుగుచున్నది!" తన యంత్రమున సరిగ నడచుచున్నదని తప్పించుకొనువారిని ఆటపట్టించుట వారిలో పాతబడిన హాస్యమట. రెండవవారు ఓపికతో ఉపాయము వ్రాసిరి: ముందుగ క్రావడిని దాని తరువాతి హల్లును దాటించి, పిమ్మట మార్పు జరుపవలెనని. అమ్మాయి అట్లు చేయగా చక్రమును సూత్రమును చక్కబడెను. ఆ యిద్దరి మొగము మేమెఱుగము, ఊరెఱుగము. వారికి మా మామగారెవరో తెలియదు. అయినను వారి గ్రంథము మా వారి చేతికి వచ్చినది.

ఈ వృత్తిలో హాస్యమును దిద్దుబాటును మొదటినుండియు జోడుగనే నడచినవి. 1947 సెప్టెంబరు 9వ తేదిన అమెరికాలో హార్వర్డు మార్క్-2 అను కంప్యూటరు తప్పులు చేయుచుండగా, పనివారు వెదకి దానిలో చిక్కుకొన్న చిమ్మటను బయటికి తీసి, దినచర్య పుస్తకమున అంటించి, నిజమైన పురుగు దొరకుట ఇదియే మొదలని క్రింద వ్రాసిరి. యంత్రదోషమును పురుగనుట అప్పటికే వాడుకలో నున్నందున ఆ వ్రాత వేడుకైనది. ఆ పుట నేటికిని స్మిత్‌సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలకు చెందియున్నది. ఈ కథను లోకమునకు మాటిమాటికి చెప్పి ప్రసిద్ధము చేసినది గ్రేస్ హాపర్ అను విదుషీమణి. అపుడు ఆ యంత్రముపై పనిచేసిన బృందములో ఆమెయు నుండెను.

మన యక్షరముల సంగతికి వచ్చిన, మనమే చెప్పనిచో లోకమునకు తెలియని తప్పులు కలవు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" యను మన యక్షర మొక విధముగ కూర్చబడి వచ్చినచో ఐఫోనులు దానిని చూపలేక తబ్బిబ్బై ఆగిపోజొచ్చెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమునకు మూర్ఛ తెచ్చినది! సంగతి వెల్లడి కాగా, ఏ యే కూర్పులచే ఈ దోషము కలుగుచున్నదో దేశదేశముల ప్రోగ్రాము రచయితలు పరీక్షించి పంచుకొనిరి. ఆ నెల 19వ తేదిన ఆపిల్ సంస్థవారు దిద్దుబాటును విడుదల చేసిరి. అక్షరమును వాడువారే దాని కష్టమును చెప్పగలరు. తెలుగున వ్రాయునది మనము. మనము చెప్పక మఱెవరు చెప్పుదురు?

కనుగొన్నదానిని దాచక పదిమంది కంటబడునట్లు నిలుపుట మన సీమకు కొత్త కాదు. గిద్దలూరునకు దక్షిణముగ నున్న పోరుమామిళ్ల చెఱువు శాసనమును చూడుడు. 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు వేయించినది. దానిలో రాజప్రశస్తితో పాటు మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును ఆఱు దోషములును చెప్పబడినవి. కట్ట నుండి నీరూరుట, చవుటినేల, నడుమ మెరక, నీరు తక్కువై సాగునేల ఎక్కువగుట మొదలగునవి ఆ దోషములు. తాను పడిన కష్టము మఱియొకడు పడకుండుటకు రాతిపై వ్రాసిన సలహా యది. నేటివారు తెరపై వ్రాయుచున్నారు. ధర్మము మాత్రము ఒక్కటియే.

ఇక మా కథ మిగిలిన ముక్క. పుస్తకమంతయు చదువుచుండగా ఒక మాట యింకను చెడియే యుండెను. "స్త్రీ" అని యుండవలసినచోటనెల్ల "స్ర్తీ" అని వచ్చినది. రెండు వత్తులు గల యక్షరమున క్రావడి ఒక్క హల్లును మాత్రమే దాటి, తకారమునకు ముందే నిలిచిపోయినది. ఇంతకు పూర్వము పత్రికల తెరలపై ఈ తప్పును మీరును చూచియే యుందురు. ఈ మాఱు అమ్మాయి ఎవరినడుగలేదు. రెండు రాత్రులు కూర్చుండి, క్రావడి ఎన్ని వత్తులున్నను దాటి, గుణింతపు గుర్తునకు ముందు నిలుచునట్లు తానే సరిచేసెను. చేసి ఊరకుండబోగా మేము వారించితిమి: "నీకు దొరకినది నీ పెట్టెలో పెట్టుకొందువా? నీవలెనే అడుగలేక చదువుకొనుచున్న పిల్ల ఎక్కడనో యుండదా?"

అమ్మాయి తన ప్రశ్న క్రిందనే ఆ ఉపాయమును సాంతముగ వ్రాసెను. "సరియైనది, కృతజ్ఞతలు" అని మాత్రము వ్రాసి పోవువారు కొందఱు కలరట. ఎట్లు సరియైనదో చెప్పరు. బావికి చేద వేసి నీరు తోడుకొని, చేదను ఇంటికి గొనిపోవుట వంటిదది. అమ్మాయి అట్లు చేయలేదు. చివర పొడి అక్షరములకు మారుగ తన నిండుపేరు వ్రాసెను. మఱునాడు చక్రము తిరుగుచున్నదన్న ఆ పరిహాసకుడే, "మా యంత్రమునను ఈ మాట ఇంతకాలము తప్పుగనే యుండెను, మేము చూడనేలేదు" అని వ్రాసెను. ఈ మాఱు ఎవరును నవ్వలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలో నేడు ఆడుపిల్లలు పలువురు ఈ విద్య నేర్చుచున్నారు. మనకు వారి ప్రోగ్రాములు తెలియకపోవచ్చును. ప్రక్కన కూర్చుండి, అడుగుము, సిగ్గుపడకుము, దొరకినదానిని చెప్పుము అని మూడు మాటలనుట మనకు తెలియును. మా మామగారి ఛందస్సు నేడు మా వారి తరగతి పిల్లల చేతులలో నున్నది. దానిలో మొదటి పుటనుండి చివరి పుటవఱకు "స్త్రీ" యను మాట సరిగ నున్నది.