ఇంటి తొట్టిలో ఆకుకూర, తల్లి ఒంటికి రక్తము

గర్భిణీ స్త్రీ మన ఆసుపత్రికి మొదటిసారి వచ్చినప్పుడు మేము తప్పక చేయించేది రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటె తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. 7 గ్రాముల లోపు ఉంటే చాలా ప్రమాదము. అటువంటి తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తము కూడా ప్రాణము మీదికి తెస్తుంది. అర్ధరాత్రి రక్తము సీసా కోసం బంధువులు పరుగులు పెట్టడము మేము ఎన్నోసార్లు చూశాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది.

"ఆకుకూరలు తినమ్మా" అని ప్రతి తల్లికీ చెబుతాము. "తింటూనే ఉన్నానండీ" అంటారు. ఎంత తింటున్నావని అడిగితే గాని అసలు సంగతి తెలియదు. ఒక కట్ట తోటకూర తెచ్చి పప్పులో వేస్తారు. మామగారు, భర్త, పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలినదే ఆమెది. రోజుకు కనీసము 100 గ్రాముల ఆకుకూర కావలసిన మనిషికి అది ఏ మూలకు వస్తుంది? రోజూ ఇంకో రెండు కట్టలు కొనమంటే ఖర్చు అంటారు. అందుకే ఇంటి వద్ద తొట్లు పెట్టుకోమని మేము చెప్పడము.

స్థలము లేదనకండి. మేడ మీద పిట్టగోడ ప్రక్కన గాని, అద్దె ఇంటి వరండాలో గాని రోజుకు నాలుగు గంటల ఎండ పడితే ఆకుకూర వస్తుంది. పాత బకెట్టు, పగిలిన టబ్బు, బియ్యం సంచి ఏదైనా సరే, అడుగున నాలుగైదు రంధ్రాలు చేయండి. తుప్పు పట్టిన రేకు డబ్బాతో చేయి కోసుకుంటే మాత్రం ధనుర్వాతము రాకుండా ఇంజక్షన్ కోసం వెంటనే రండి. పురుగుమందు డబ్బాలు ఎంత మాత్రము వాడరాదు. ఎన్ని నీళ్ళతో కడిగినా ఆ మందు పూర్తిగా పోదు. పల్లెల నుండి వచ్చేవారికి ఈ మాట గట్టిగానే చెబుతున్నాము.

రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేక కొబ్బరి పొట్టు కలిపి జానెడు లోతున నింపండి. పచ్చి పేడ వద్దు. దానితో వేళ్ళు మాడతాయి, రోగక్రిములు ఆకులకు అంటుకుంటాయి. టమాట, వంగ, మిరపకు అడుగు లోతు మట్టి, ఎక్కువ ఎండ, చాలా ఓపిక కావాలి. మొదటే వాటితో ఆరంభించినవారు త్వరగా విసుగు చెందుతారు. తోటకూరతో మొదలుపెట్టండి. దాని విత్తనాలు ఆవగింజ కంటె చిన్నవి గనుక పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి జల్లితే వారము లోపు మొలుస్తాయి. నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. వేళ్ళతో సహా పీకక, క్రింద రెండు మూడు కణుపులు వదిలి తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. ఒక్క తొట్టి ఇంటిల్లిపాదికీ చాలదు. నాలుగు తొట్లలో వారము తేడాతో విత్తుకోండి. మెంతికూరకు వంటింటి డబ్బాలోని మెంతులు చాలు. కొత్తిమీరకు ధనియాలు రెండు బద్దలయ్యేలా నలపాలి. మే నెల ఎండలో అది సరిగా రాకపోతే మీ చేయి మంచిది కాదని అనుకోవద్దు, అప్పుడు ఎవరికీ సరిగా రాదు.

తొట్టి క్రింది పళ్ళెములో నీరు నిలిస్తే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు అంచులకు అంటుకొని ఉంటాయి గనుక నీరు పారబోస్తే సరిపోదు, వారానికొకసారి పీచుతో రుద్ది కడగాలి. పళ్ళెము లేకుండా ఇటుకల మీద పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఆకుకూరలోని ఇనుము ఒంటికి అంత సులభముగా పట్టదు. పొయ్యి మీద నుండి దించిన తరువాత నిమ్మకాయ పిండండి. ఉడుకుతుండగా పిండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఉడికించిన నీరు పారబోయకండి. భోజనానికి ముందూ తరువాతా గంటసేపు టీ, కాఫీ మానండి.

ఇంట్లో కూర ఉన్నది గదా అని ఐరన్ మాత్రలు మానరాదు. నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు మ్రింగవలసినదే. విరేచనము నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర వలననే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తము పలుచబడే మాత్రలు వాడేవారు ఆకుకూరలు పెంచే ముందు, తగ్గించే ముందు డాక్టరుగారిని అడగాలి.

అత్తగారలకు ఒక మనవి. తొట్టి కోసిన రోజున మొదటి గరిటె కోడలి కంచములో వేయండి. బచ్చలికి విత్తనము కూడా అక్కరలేదు, జానెడు తీగ ముక్క గుచ్చితే అల్లుకుంటుంది. ముక్కలు కావలసినవారు గర్భిణీల పరీక్ష రోజున నర్సుల గదిలో అడిగి తీసికొనవచ్చును. తడి గుడ్డ ఒకటి తెచ్చుకోండి.